నాలుగు గొట్టాలు, రెండు జన్యువులు: మా ఐసీయూలో ఒక కేసు

నేను కోస్తా ఆంధ్రలోని ఒక టీచింగ్ ఆసుపత్రిలో క్లినికల్ మైక్రోబయాలజిస్ట్‌ని. పేషెంట్లను గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. కల్చర్ రిపోర్టులో పైన బ్యాక్టీరియా పేరు, కింద వరసగా ఆర్, ఆర్, ఆర్ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు) అని ఉన్న పట్టిక మనందరికీ అలవాటైపోయింది. ఆ ఆర్ వెనక ఏ జన్యువు ఉందని అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఇక్కడ ఆ ప్రశ్న అడిగినందుకే ఒకసారి మందు మారింది. ఇంకోసారి, ఐసీయూలో అంటు ఎటు పాకుతోందో తెలిసింది.

పేషెంట్

54 ఏళ్ల మహిళ, వ్యవసాయ కుటుంబం. 12 ఏళ్లుగా షుగర్. మా దగ్గరికి రావడానికి మూడు వారాల ముందు పిత్తాశయంలోని రాయి జారి పిత్తనాళానికి అడ్డం పడింది. వేరే ఊరి ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. అక్కడ 9 రోజులు ఉన్నారు, అందులో 7 రోజులు మెరోపెనమ్ (కార్బాపెనమ్ వర్గానికి చెందిన శక్తిమంతమైన యాంటీబయాటిక్) ఎక్కించారు. డిశ్చార్జి సమ్మరీలో ఈ ఒక్క లైను స్పష్టంగా ఉండటం మాకు చాలా ఉపయోగపడింది. ఇంటికెళ్లిన పన్నెండో రోజున వణుకుతో జ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి, మనిషి మగతగా మాట్లాడటం మొదలైంది.

రాత్రి క్యాజువాలిటీకి వచ్చేసరికి జ్వరం 103, బీపీ 84/50, లాక్టేట్ 4.1, తెల్లకణాలు 21,400, బిలిరూబిన్ 6.8, క్రియాటినిన్ 2.3, షుగర్ 318. స్టెంట్ మూసుకుపోయి పైన పిత్తం నిలిచిపోయిందని స్కాన్‌లో కనిపించింది. డ్యూటీ డాక్టర్ మందు ఎక్కించే ముందే రెండు చేతుల నుంచీ విడివిడిగా బ్లడ్ కల్చర్ తీశాడు. ఆ హడావుడిలో కూడా ఆ పని మరవలేదు. ఆ తర్వాత జరిగినదంతా ఆ నాలుగు బాటిళ్ల మీదే నిలబడింది. తర్వాత మెరోపెనమ్, బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టి ఐసీయూకి మార్చారు.

ల్యాబ్‌లో మొదటి మూడు రోజులు

10 గంటలు తిరిగేసరికి నాలుగు బాటిళ్లూ మెషీన్‌లో మోగాయి. అంత త్వరగా, అన్నీ ఒకేసారి పాజిటివ్ అయ్యాయంటే రక్తంలో బ్యాక్టీరియా బాగా ఎక్కువగా ఉందన్నమాట. గ్రామ్ స్టెయిన్‌లో లావుపాటి గులాబీ రంగు కడ్డీలు, అంటే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా. ఐసీయూకి ఫోన్ చేసి చెప్పాం, ప్లేట్ల మీద వేశాం.

మూడో రోజు పొద్దున ప్లేటు తెరిస్తే జిగురుజిగురుగా, తేమగా మెరుస్తున్న కాలనీలు. క్లెబ్సియెల్లా అని చూడగానే అనిపించింది, మెషీన్ కూడా క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే చెప్పింది. ఏ మందుకి లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష అప్పుడే పెట్టాం. కార్బాపెనమ్ మందులను విరగ్గొట్టే కార్బాపెనమేజ్ ఎంజైమ్ ఉందో లేదో చూసే ఎమ్‌సిమ్, అది ఏ జాతిదో చూసే ఈసిమ్ పరీక్షలూ అదే పొద్దున మొదలుపెట్టాం.

సాయంత్రానికి సెన్సిటివిటీ వచ్చింది. మెరోపెనమ్ ఎమ్‌ఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు) 16 లేదా అంతకంటే ఎక్కువ. 4 ఉంటేనే అది ఆర్. ఇమిపెనమ్ అంతే. సిప్రోఫ్లోక్సాసిన్, జెంటామైసిన్, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అన్నీ ఆర్. అమికాసిన్ 64 లేదా ఎక్కువ. అంటే ఆమెకు రెండు రోజులుగా ఎక్కుతున్న మందు ఆ బ్యాక్టీరియాని ఏమీ చేయడం లేదు.

ఐసీయూ నుంచి ఫోన్. "మేడమ్, అన్నీ ఆర్ వచ్చాయి. కోలిస్టిన్ మొదలుపెట్టేయమంటారా?" అప్పటికి క్రియాటినిన్ 2.9కి పెరిగింది. కోలిస్టిన్ చివరి అస్త్రంగా వాడే పాత యాంటీబయాటిక్, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పైగా అది పనిచేస్తుందో లేదో మా మెషీన్ చెప్పే అంకెను నేను నమ్మను. దానికి మందును వేర్వేరు పలుచదనాల్లో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ పద్ధతే సరైనది, దాని ఫలితానికి ఇంకో రాత్రి పడుతుంది. కానీ ఆ పూట చేతిలో వేరే జవాబు లేదు. మొదలుపెట్టమన్నాను. పేషెంట్ కొడుకు ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు, "అమ్మకొచ్చిన ఇన్‌ఫెక్షన్‌కి మందే లేదంటున్నారు, నిజమేనా మేడమ్?" అని అడిగాడు. రేపు చెప్తానన్నాను.

ఈసిమ్ చెప్పినది, చెప్పలేకపోయినది

ఎమ్‌సిమ్ చేసే పద్ధతి తేలికే. అనుమానం ఉన్న బ్యాక్టీరియాని చిన్న గొట్టంలో కలిపి అందులో ఒక మెరోపెనమ్ డిస్క్ (మందు పట్టించిన కాగితపు బిళ్ల) వేస్తాం. నాలుగు గంటల తర్వాత ఆ డిస్క్ తీసి, ఏ నిరోధకతా లేని ఇ.కోలై పరిచిన ప్లేటు మీద పెడతాం. బ్యాక్టీరియా దగ్గర కార్బాపెనమేజ్ ఉంటే డిస్క్‌లోని మందును అప్పటికే విరగ్గొట్టేసి ఉంటుంది, అందుకే ఇ.కోలై డిస్క్ అంచుదాకా పెరుగుతుంది. ఈసిమ్ కూడా ఇదే, కాకపోతే గొట్టంలో ఈడీటీఏ కలుపుతాం. ఎన్‌డీఎమ్ లాంటి మెటలో ఎంజైములు జింకు లేకుండా పనిచేయలేవు, ఈడీటీఏ ఆ జింకును లాగేసుకుంటుంది. అప్పుడు మందు మిగులుతుంది, డిస్క్ చుట్టూ ఇ.కోలై పెరగని ఖాళీ (జోన్) ఎమ్‌సిమ్‌లో కంటే కనీసం 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెరగకపోతే ఎంజైమ్ జింకు అవసరం లేని సీరిన్ జాతిది అని అర్థం.

నాలుగో రోజు పొద్దున ఎమ్‌సిమ్ 6 మిల్లీమీటర్లు, అంటే డిస్క్ వెడల్పే, జోన్ అసలు లేదు. ఈసిమ్ 8. తేడా రెండే. మా పీజీ డ్రాఫ్ట్ రిపోర్టు రాసి తెచ్చింది: సీరిన్ కార్బాపెనమేజ్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఇవ్వడం పరిశీలించవచ్చు. (సెఫ్టాజిడిమ్ యాంటీబయాటిక్, అవిబాక్టమ్ దాన్ని ఎంజైముల నుంచి కాపాడే తోడు మందు.) పుస్తకం ప్రకారం ఆమె తప్పేమీ రాయలేదు.

నేను సంతకం పెట్టలేదు. అమికాసిన్ అంకె నన్ను ఆపింది. అమికాసిన్‌కీ జెంటామైసిన్‌కీ కలిపి అంత ఎక్కువ నిరోధకత కనిపిస్తే రైబోజోమ్‌ను మార్చేసే ఆర్మ్‌ఏ, ఆర్‌ఎమ్‌టీబీ లాంటి జన్యువులు ఉన్నాయేమోనని అనుమానించాలి. అవి చాలాసార్లు ఎన్‌డీఎమ్‌తో కలిసే తిరుగుతాయి. ఇంకో సంగతి, దక్షిణాది ఆసుపత్రుల క్లెబ్సియెల్లాలో ఎన్‌డీఎమ్, ఆక్సా-48 కుటుంబపు జన్యువు రెండూ ఒకే కణంలో ఉండటం కొత్త కాదు. అలా ఉన్నప్పుడు ఈసిమ్ తప్పుదారి పట్టిస్తుంది. ఈడీటీఏ ఎన్‌డీఎమ్‌ను ఆపినా పక్కనే ఉన్న ఆక్సా ఎంజైమ్‌కి జింకుతో పని లేదు. అది మందును తినేస్తూనే ఉంటుంది. ఎన్‌డీఎమ్ లేదని ఈసిమ్ చెప్పడం లేదు, సీరిన్ ఎంజైమ్ ఒకటి ఉందని మాత్రమే చెబుతోంది. ఈ రెండింటికీ మధ్య తేడా పేషెంట్ ప్రాణమంత.

మా దగ్గర కార్బాపెనమేజ్ జన్యువులు చూసే పీసీఆర్ కార్ట్రిడ్జులు కొన్నే ఉండేవి. ఖరీదు ఎక్కువని లాకర్‌లో దాచుకుని వాడేవాళ్లం. కాలనీ తీసి ఒకటి పెట్టాం. సుమారు 50 నిమిషాలకు కేపీసీ లేదు, విమ్ లేదు, ఇంప్ లేదు. ఎన్‌డీఎమ్ ఉంది. ఆక్సా-48 కూడా ఉంది.

ఇదే కార్ట్రిడ్జ్ మూడో రోజు పొద్దున కాలనీలు కనపడగానే పెట్టొచ్చు. పెట్టలేదు. మెరోపెనమ్ 7 రోజులు వాడిన చరిత్ర ఉన్న, షాక్‌లో ఉన్న పేషెంట్ విషయంలో డబ్బు మిగల్చబోయి ఒక పూర్తి రోజు పోగొట్టాం. ఆ రోజు గురించి నాకు ఇప్పటికీ బాధే.

మందు ఎలా మారింది

అవిబాక్టమ్ ఆక్సా-48ని, కేపీసీని, సీటీఎక్స్-ఎమ్ అనే ఇంకో ఎంజైమ్‌ను ఆపుతుంది. ఎన్‌డీఎమ్‌ను ఆపలేదు. కాబట్టి డ్రాఫ్ట్ రిపోర్టు ప్రకారం సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే ఇచ్చి ఉంటే, ఎన్‌డీఎమ్ సెఫ్టాజిడిమ్‌ను తినేసేది. ఖరీదైన మందు ఎక్కుతూనే ఉండేది, జ్వరం మాత్రం తగ్గేది కాదు.

ఎన్‌డీఎమ్ విరగ్గొట్టలేని పాత మందు ఒకటుంది, అజ్ట్రియోనమ్. అయితే మన దగ్గర ఎన్‌డీఎమ్ ఉన్న క్లెబ్సియెల్లాలో సీటీఎక్స్-ఎమ్-15 కూడా దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అది అజ్ట్రియోనమ్‌ను నాశనం చేస్తుంది. అందుకే అజ్ట్రియోనమ్ ఒక్కటే ఇస్తే ఆర్. రెండూ కలిపి ఇస్తే సీటీఎక్స్-ఎమ్‌నీ ఆక్సానీ అవిబాక్టమ్ పట్టుకుంటుంది, ఎన్‌డీఎమ్ అజ్ట్రియోనమ్‌ను ఏమీ చేయలేదు. విడివిడిగా ఓడిపోయే రెండు మందులు కలిస్తే గెలుస్తాయి. అజ్ట్రియోనమ్-అవిబాక్టమ్ కలిపిన మందుకి 2024లో యూరప్‌లో, 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. మా చేతిలో అది లేదు కాబట్టి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌నీ అజ్ట్రియోనమ్‌నీ ఒకే సమయంలో, ఒక్కో డోసు మూడు గంటలపాటు ఎక్కించాం.

మధ్యాహ్నమే ఐసీయూకి వెళ్లి కాగితం మీద గీసి చూపించాను. కోలిస్టిన్ ఆపేశారు. ఇటలీ, గ్రీస్ ఆసుపత్రుల్లో మెటలో ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా రక్తంలోకి చేరిన 102 మందిని గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. ఈ జంట మందు తీసుకున్నవాళ్లలో 30 రోజుల్లో చనిపోయినవాళ్లు 19.2 శాతం, కోలిస్టిన్ వంటి ఇతర మందులు తీసుకున్నవాళ్లలో 44 శాతం. చీటీలు వేసి గ్రూపులుగా విడదీసి చేసిన పరీక్ష కాదది, అయినా ఆ తేడాను పక్కన పెట్టలేం.

అదే సాయంత్రం ల్యాబ్‌లో నాలుగు గొట్టాలు పెట్టాం. ఒకదాంట్లో మందు లేదు. రెండోదాంట్లో అజ్ట్రియోనమ్ డిస్క్, మూడోదాంట్లో సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ డిస్క్, నాలుగోదాంట్లో రెండూ. అన్నింట్లో ఆమె రక్తంలో దొరికిన క్లెబ్సియెల్లాయే. మర్నాడు పొద్దున స్టాండు ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తే మూడు గొట్టాలు కలిగంజిలా ఉన్నాయి. నాలుగోది మంచినీళ్లలా తేటగా ఉంది. పీజీలందరినీ పిలిచి చూపించాను. ఎంత పాఠం చెప్పినా ఆ ఒక్క చూపుకి సాటి రాదు.

ఐదో రోజు ఎండోస్కోపీ చేసి మూసుకుపోయిన స్టెంట్ తీసి కొత్తది వేశారు. వెనక నిలిచిపోయిన చీము పిత్తం బుడబుడమంటూ వచ్చిందని గ్యాస్ట్రో డాక్టర్ చెప్పారు. ఆ పిత్తంలోనూ అదే క్లెబ్సియెల్లా, అవే రెండు జన్యువులు. మందు మార్చినందుకే కోలుకుందని నేను చెప్పను. అడ్డం తీయకపోతే ఏ మందైనా ఓడిపోయేది. ఏడో రోజుకి నార్‌అడ్రినలిన్ ఆగింది, బ్లడ్ కల్చర్ నెగటివ్ అయింది. కిడ్నీలు తేరుకునే కొద్దీ డోసు సరిచేస్తూ మొత్తం 10 రోజులు ఇచ్చారు. క్రియాటినిన్ 1.2కి దిగింది. రోజుకి వేల రూపాయల మందు అది. ఆ కుటుంబం ఆ డబ్బు ఎలా తెచ్చిందో కొడుకు నాకు చెప్పాడు, అది ఇక్కడ రాయను.

రెండో పేషెంట్

ఆమె ఐసీయూలో ఉన్న తొమ్మిదో రోజున, రెండు మంచాల అవతల ఉన్న 31 ఏళ్ల యువకుడి యూరిన్ కల్చర్‌లో మెరోపెనమ్‌కి లొంగని ఇ.కోలై పెరిగింది. రోడ్డు ప్రమాదంలో తలకి దెబ్బ, యూరిన్ కాథెటర్ ఉంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఇలా రాసి ఉంది: మొదటి కేసు క్లెబ్సియెల్లా, ఇది ఇ.కోలై, సంబంధం లేదు.

ఆ రిజిస్టర్ నమూనా నేనే తయారు చేశాను. బ్యాక్టీరియా పేరుకి ఒక గడి, తేదీకి ఒక గడి, మంచం నంబరుకి ఒక గడి. జన్యువుకి గడే లేదు. వేలిముద్ర సరిపోలితేనే దొంగ అన్నట్టు బ్యాక్టీరియా పేరు సరిపోలితేనే అంటు అని చూస్తున్నాం. ఎన్‌డీఎమ్ అలా ఒకచోట ఉండదు. అది ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకారపు డీఎన్‌ఏ మీద కూర్చుని ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి దాటుతుంది. వాహకం మారినా సరుకు అదే.

కార్ట్రిడ్జ్ పెట్టాం. ఇ.కోలైలో ఎన్‌డీఎమ్ ఉంది, ఆక్సా-48 లేదు. సగమే సరిపోలింది. ఇక్కడే ఆగి ఉంటే 'సంబంధం లేదు' అన్న మాటే నిలిచేది. మొదటి పేషెంట్ మలద్వారపు స్వాబ్ మళ్లీ తీసి బ్యాక్టీరియా జాతిని బట్టి కాలనీ రంగు మారే క్రోమోజెనిక్ ప్లేటు మీద పరిచాం. రెండు రంగుల కాలనీలు పెరిగాయి. ఒకటి రెండు జన్యువులూ ఉన్న క్లెబ్సియెల్లా, ఇంకోటి ఒక్క ఎన్‌డీఎమ్ ఉన్న ఇ.కోలై. జన్యువు ఆమె పేగుల్లోనే జాతి మారి ఉంటుందని అనుమానం వచ్చింది.

క్లెబ్సియెల్లాని, జె53 అనే ల్యాబ్ ఇ.కోలైని ఒకే గొట్టంలో ఒక రాత్రి కలిపి ఉంచాం. జె53 సోడియం అజైడ్‌ను తట్టుకుంటుంది, మెరోపెనమ్‌ను తట్టుకోలేదు. అజైడ్, మెరోపెనమ్ రెండూ కలిపిన ప్లేటు మీద మర్నాడు జె53 కాలనీలు వచ్చాయి. వాటిలో ఎన్‌డీఎమ్ ఉంది, ఆక్సా లేదు. మా కళ్ల ముందే ఒక్క రాత్రిలో ఒకటి దాటింది, ఇంకోటి ఉన్నచోటే ఉండిపోయింది.

ఎందుకో ఆరు వారాల తర్వాత జీనోమ్ సీక్వెన్సింగ్ రిపోర్టు చెప్పింది. ఎన్‌డీఎమ్-5 సుమారు 46 కిలోబేసుల (డీఎన్‌ఏ పొడవు కొలత) ఇంక్‌ఎక్స్3 రకం ప్లాస్మిడ్ మీద ఉంది, దానికి తనంతట తాను దాటే ఏర్పాటు ఉంది. ఆక్సా-48 కుటుంబంలోని ఆక్సా-232 మాత్రం 6 కిలోబేసుల బుల్లి కోల్‌కేపీ3 ప్లాస్మిడ్ మీద ఉంది, దానికి సొంతంగా దాటే శక్తి లేదు. ఆమె పేగుల్లోని ఇ.కోలై, యువకుడి ఇ.కోలై, ఆమె క్లెబ్సియెల్లా, మూడింట్లోనూ అదే ఇంక్‌ఎక్స్3 ప్లాస్మిడ్.

ఎన్‌డీఎమ్ అంటే న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్. ఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొందిన భారత సంతతి పేషెంట్ దగ్గర స్వీడన్‌లో దొరికిందని 2009లో ఆ పేరు పెట్టారు. పేరు మీద మన దేశంలో చాలా గొడవ జరిగింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ అందులో సగం శ్రద్ధ మురుగుకాలువల మీద పెట్టాల్సింది. 2011లో అచ్చయిన ఒక పరిశోధన ఢిల్లీలో 171 చోట్ల నిలిచిన నీళ్లలో 51 చోట్ల, 50 తాగునీటి నమూనాల్లో 2 చోట్ల ఈ జన్యువును చూసింది. కాబట్టి ఆ యువకుడు ప్రమాదానికి ముందే దాన్ని పేగుల్లో మోసుకొచ్చి ఉండొచ్చన్న మాట కొట్టిపారేయలేం. చేర్చుకున్న రోజున మేం స్వాబ్ తీయలేదు. తీసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ఐసీయూలో ఉన్న మిగతా 13 మందికీ స్వాబ్ తీశాం. ముగ్గురు పాజిటివ్, వాళ్లలో ఎవరికీ ఆ బ్యాక్టీరియా వల్ల జబ్బు లేదు. ముగ్గురివీ ఒకే సింక్ దగ్గరి మంచాలు. సింక్ పైపు లోపలి జిగురులో ఆమె క్లెబ్సియెల్లా లాంటిదే, రెండు జన్యువులతో దొరికింది. మిగిలిపోయిన సెలైన్, పేషెంట్ల నోరు కడిగిన నీళ్లు అందులోనే పోస్తున్నారు. దగ్గరలో ఇంకో చోటు లేదు మరి, సిస్టర్లను తప్పు పట్టలేను. కుళాయి ధార నేరుగా పైపు కంత మీద పడి తుంపర లేస్తోంది, ఆ తుంపర అందేంత దూరంలోనే మందులు కలిపే బల్ల. ఆ సింక్ తీయించాం, బల్ల జరిపించాం, మురికి నీళ్లకి వేరే గది ఇప్పించాం. వారం వారం స్వాబ్‌లు తీశాం. మొదటి నెలలో ఇద్దరు కొత్తవాళ్లు, తర్వాతి రెండు నెలల్లో ఒక్కరూ లేరు. అదంతా సింక్ తీసినందుకే అని అనలేను, ఆ వారాల్లోనే చేతులు శుభ్రం చేసుకోవడం మీద పట్టింపు కూడా పెరిగింది.

యువకుడి సంగతి. రిపోర్టు చూసి న్యూరో సర్జరీ యూనిట్ టెన్షన్ పడింది, ఆ జంట మందే ఇస్తామన్నారు. అతని ఇ.కోలైకీ నాలుగు గొట్టాలు పెట్టాను. ఈసారి నాలుగోది కూడా మసకబారింది. అజ్ట్రియోనమ్ వెళ్లి అతుక్కునే పీబీపీ3 ప్రోటీన్‌లో అదనంగా నాలుగు అమైనో ఆమ్లాలు చేరి, మందుకి అక్కడ సరిగా చోటు లేకుండా పోయిందని సీక్వెన్సింగ్‌లో తర్వాత తేలింది. మన దేశంలో ఎన్‌డీఎమ్ ఉన్న ఇ.కోలైలో ఇది తరచూ కనపడేదే. ఒకే జన్యువు, ఒకే ప్లాస్మిడ్, అయినా ఒకరికి పనిచేసిన జంట ఇంకొకరికి పనిచేయదు. అందుకే జన్యువు పేరు తెలిశాక కూడా గొట్టాలు పెట్టాల్సిందే.

అయితే అతనికి అసలు మందే అక్కర్లేదు. జ్వరం లేదు, తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. కాథెటర్ గొట్టంలో చేరిన బ్యాక్టీరియా అది, జబ్బు కాదు. గంటసేపు మాట్లాడాక కాథెటర్ తీసేశారు, యాంటీబయాటిక్ ఇవ్వలేదు. పదకొండు రోజుల తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

కార్డు

ఇప్పుడు మా రిజిస్టర్‌లో జన్యువుకి ఒక గడి ఉంది. షాక్‌తో వచ్చి, గత మూడు నెలల్లో ఆసుపత్రిలో ఉండి, కాలనీ గ్రామ్ నెగటివ్ అయితే ఎవరినీ అడగకుండా ఆ పొద్దునే కార్ట్రిడ్జ్ పెట్టే అధికారం టెక్నీషియన్లకి ఇచ్చాం. లాకర్ తాళం తీసేశాం.

మొదటి పేషెంట్ 19వ రోజున ఇంటికెళ్లారు. స్వాబ్ అప్పటికీ పాజిటివే. పేగుల్లో ఉన్నదాన్ని పోగొట్టడానికి మందులివ్వకూడదని, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలని, మనవడిని ఎత్తుకోవచ్చని చెప్పాను. ఆవిడ అడిగిన ప్రశ్న అదొక్కటే. ఒక అట్టముక్క మీద 'ఎన్‌డీఎమ్, ఆక్సా-48. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందుగా చూపించండి' అని ఎర్ర సిరాతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాను.

రెండు నెలలకు స్టెంట్ తీయించుకోవడానికి వచ్చారు. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పేరు అడిగేలోపే కొడుకు ఆ కార్డు తీసి అద్దం కింద నుంచి లోపలికి తోశాడట. ఆవిడను విడి గదిలో ఉంచారు, ఎండోస్కోపీ లిస్టులో చివరి కేసుగా వేశారు. స్వాబ్‌లో క్లెబ్సియెల్లా పోయింది. ఇ.కోలై ఉంది, అందులో ఎన్‌డీఎమ్ ఉంది.